ముందు ఆ చెత్త ఎవరిదో కనిపెట్టండి

మీ వీధి చివర ఖాళీ స్థలంలో రాత్రిళ్ళు ఎవరో చెత్త, ఇళ్ళు పగలగొట్టిన రబ్బిష్ పోస్తున్నారని, కంప్లైంట్ ఇచ్చి ఎత్తించినా వారానికే మళ్ళీ కుప్ప పడుతోందని రాశారు. మాది విశాఖలో మాధవధార వైపు, పక్కనే గెడ్డ (వాగు). రెండేళ్ళు ఇదే బాధ పడ్డాం.

నాకు విషయం అర్థమైంది మా బాత్రూమ్ పని చేయించినప్పుడు. పాత టైల్స్ తీశాక మేస్త్రీ "ట్రాక్టర్ వాడికి డబ్బులిచ్చేయండి సార్, వాడే పట్టుకుపోతాడు" అన్నాడు. ఎక్కడికని అడక్కుండా ఇచ్చేశాను. మూడోరోజు పాలకి వెళ్తుంటే గెడ్డ ఒడ్డున మా నీలం పువ్వుల టైల్స్ కనిపించాయి. వాటి మీద అప్పటికే రెండు చెత్త కవర్లు పడి ఉన్నాయి. చాలా సిగ్గేసింది. కూలీలని పెట్టి అదంతా ఎత్తించాను. ముందు రబ్బిష్ పడుతుంది, దాన్ని చూసి కవర్లు పడతాయి. అందుకే వీధిలో ఎవరింట్లో పని మొదలైనా రబ్బిష్ ఎక్కడికి పంపాలో ముందే వార్డు సచివాలయంలో శానిటేషన్ సెక్రటరీని అడగమనండి. దించాక ఫోటో చూపిస్తేనే ట్రాక్టర్‌కి డబ్బులివ్వమనండి. చెత్తని వీధిలో, కాలువలో పడేయకూడదని, కట్టడాల వ్యర్థాలు విడిగా ఉంచాలని కేంద్రం 2016లో తెచ్చిన ఘన వ్యర్థాల నిబంధనల్లోనే చెప్పారు. ఆ మాట చెబితే మేస్త్రీలు వింటారు.

ఇక కవర్లు. నాలుగు రోజులు తెల్లవారుజామున కాపు కాశాం. వేసేది బయటివాళ్ళు కాదు, మా వీధిలో అద్దెకుండేవాళ్ళే. ఆరింటికే డ్యూటీకి వెళ్తారు, చెత్త బండి ఎనిమిదికి వస్తుంది. తిడితే ఏం లాభం? కింద వాటాలో ఉండే పిన్నిగారి గుమ్మం దగ్గర మూత ఉన్న బకెట్లు పెట్టాం, బండి రాగానే ఆవిడ అందిస్తారు. సగం సమస్య అక్కడే పోయింది. తడి చెత్త ఒకదాంట్లో, పొడి చెత్త ఒకదాంట్లో, డైపర్లు, ప్యాడ్లు, బ్యాటరీల్లాంటివి విడిగా. కలిపేస్తే అంతా డంపింగ్ యార్డుకే పోతుంది. అట్టలు, సీసాలు పాత సామాన్లు కొనే అతనికి ఇచ్చేస్తున్నాం.

ఈసారి ఎత్తించినప్పుడు పైపైన కాకుండా మట్టి కనిపించేదాకా గీకించండి. ముందూ తర్వాతా తేదీ పడేలా ఫోటోలు తీయండి, ట్రాక్టర్ కనిపిస్తే నంబరుతో సహా. స్థలం ఓనర్‌ని పట్టుకుని కంచె వేయించండి. మా దగ్గరి స్థలం ఓనర్ హైదరాబాద్‌లో ఉంటాడు, ఫోటోలు పంపితే గానీ కదల్లేదు.

అంతవరకు ఆ కుప్పకి ఎవరినీ నిప్పు పెట్టనివ్వకండి. మా దగ్గర ఓసారి పెట్టారు, ఆ ప్లాస్టిక్ పొగకి పక్కింటి పాప రెండు రోజులు ఆయాసపడింది.