తొమ్మిది కిలోలు తగ్గాక బరువు ఆగిపోయింది... రాత్రి భోజనం మానేయాలా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నా వయసు 42 ఏళ్లు. మాది కోనసీమలో రావులపాలెం దగ్గర ఊరు. ఒక కార్యాలయంలో లెక్కలు రాసే ఉద్యోగం. ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. ఆరు నెలల క్రితం 78 కిలోలు ఉండేదాన్ని. మధ్యాహ్నం అన్నం ఒక కప్పుకు తగ్గించి, రాత్రి చపాతీలకు మారి, రోజూ ఉదయం కాలువ గట్టు మీద 45 నిమిషాలు నడిచి 69 కిలోలకు వచ్చాను. రెండు నెలలుగా మాత్రం బరువు కదలడం లేదు. జాకెట్లు ఇంకాస్త వదులైనట్టు అనిపిస్తోంది కానీ మిషన్ మీద అంకె మారడం లేదు. ఉదయం నాలుగు ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి. మధ్యాహ్నం అన్నం, పప్పు, కూర, మజ్జిగ. రాత్రి రెండు చపాతీలు, బంగాళాదుంప కూర. స్వీట్లు మానేశాను. రాత్రి పదకొండున్నరకు పడుకుని నాలుగున్నరకు లేస్తాను. నాకు థైరాయిడ్ ఉందంటారా? రాత్రి భోజనం పూర్తిగా మానేయమంటారా? తెలిసినవాళ్లు సన్నబడే ఇంజెక్షన్ వేయించుకోమంటున్నారు. – ఒక పాఠకురాలు

డాక్టర్ సలహా: రాత్రి భోజనం మానేయకండి అమ్మా. మీరు ఇప్పటికే తక్కువ తింటున్నారు, తక్కువ నిద్రపోతున్నారు. ఇంకా కడుపు మాడ్చుకుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. నీరసం పెరిగి నడక మానేస్తారు. ఆ తర్వాత పోయిన బరువు తిరిగి రావడానికి ఎక్కువ కాలం పట్టదు.

ముందు మీరు సాధించింది చూసుకోండి. 78 కిలోల మీద తొమ్మిది కిలోలంటే పదకొండు శాతం పైమాటే. శరీర బరువులో 5 నుంచి 10 శాతం తగ్గితే చాలు, రక్తపోటు, షుగరు, కాలేయంలో చేరిన కొవ్వు అదుపులోకి రావడం మొదలవుతుంది. మీరు ఆ హద్దు దాటారు. ఎత్తుతో బరువును పోల్చే కొలత అయిన బీఎంఐ మీకు ఇప్పుడు 28కి దగ్గరగా ఉంది. భారతీయులకు 25 దాటితే ఊబకాయంగా లెక్కిస్తాం కాబట్టి ఇంకా తగ్గాల్సింది ఉంది. అయితే తొందర పడాల్సిన పరిస్థితి కాదు.

బరువు ఎందుకు ఆగింది? మీ వయసు, ఎత్తు ఉన్న స్త్రీ 78 కిలోలు ఉన్నప్పుడు ఏ పనీ చేయకుండా పడుకున్నా శరీరానికి రోజుకు దాదాపు 1,390 కేలరీలు కావాలి. 69 కిలోలకు వచ్చాక అదే శరీరానికి 1,300 చాలు. నడకలోనూ అంతే. మోయాల్సిన బరువు తగ్గింది కనుక అదే గట్టు మీద అదే 45 నిమిషాలు నడిచినా ఖర్చయ్యే శక్తి తగ్గింది. దీనికి తోడు తిండి తగ్గిందని గ్రహించిన శరీరం తన ఖర్చులను ఇంకొంచెం బిగిస్తుంది. దాళ్వాలో, అంటే రబీ వరి సాగులో, కాలువకు నీరు తగ్గించి వదిలితే రైతులు వంతులు పెట్టుకుని సర్దుకోవడం మీరు చూసే ఉంటారు, ఇదీ అలాంటి సర్దుబాటే. కొవ్వు కణాల నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోను తగ్గి ఆకలి పెరుగుతుంది. మనకు తెలియకుండానే కదలికలు తగ్గుతాయి. లేచి తెచ్చుకునే నీళ్లు పిల్లలతో తెప్పించుకుంటాం, నిలబడి చేసే పని కూర్చుని చేస్తాం. మొదట్లో మీ బరువు తగ్గించిన తిండీ నడకా ఇప్పుడు మీ బరువును నిలబెట్టే తిండీ నడకా అయ్యాయి. అంటే మీ ప్రయత్నం ఫలించింది, ఇక దాన్ని కొత్త శరీరానికి తగినట్టు సవరించాలి.

మీ లేఖలో మాటవరసకు రాసిన ఒక విషయం నాకు చాలా ముఖ్యంగా కనిపించింది. జాకెట్లు వదులవుతున్నాయన్నారు. బరువు మిషన్ కొవ్వును విడిగా చూపించదు. ఒంట్లోని నీరు, పేగుల్లోని ఆహారం, కండ అన్నీ కలిపి చూపిస్తుంది. నెలసరికి ముందు నీరు చేరి ఒకటి రెండు కిలోలు పెరగడం మామూలే. ఆవకాయో ఎండుచేపలో తిన్న మర్నాడు ఉప్పు వల్ల అంకె పైకి పోతుంది. కొందరు మే నెల ఉక్కలో ఒళ్లంతా కప్పుకుని నడిచి, చెమట కారిపోయాక అరకిలో తగ్గామని సంతోషిస్తారు. అది కొవ్వు కాదు, నీరు. రెండు గ్లాసులు తాగగానే తిరిగి వస్తుంది. మన డెల్టా ఉక్కపోతలో అది ప్రమాదం కూడా. అందుకని వారంలో మూడు రోజులు ఉదయం కాలకృత్యాలు తీర్చుకున్నాక బరువు చూసి సగటు రాసుకోండి. ఈ నెల సగటును పోయిన నెల సగటుతో పోల్చండి. పదిహేను రోజులకోసారి దర్జీ టేపుతో నడుము కొలవండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా చూడాలి. స్త్రీలకు 80 సెంటీమీటర్ల లోపు ఉండటం మంచిది. బరువు కదలకపోయినా నడుము తగ్గుతుంటే కొవ్వు కరుగుతున్నట్టే.

ఇక తిండి విషయం. 1992లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక అధ్యయనం వచ్చింది. ఎంత తక్కువ తిన్నా బరువు తగ్గడం లేదని చెప్పేవారిని తీసుకుని, వాళ్లు నిజంగా ఎంత తింటున్నారో ప్రయోగశాల పద్ధతుల్లో లెక్కగట్టారు. వాళ్లు చెప్పిన తిండి అసలు తిన్నదానికంటే 47 శాతం తక్కువ, చెప్పిన కదలిక అసలుకంటే 51 శాతం ఎక్కువ అని తేలింది. వాళ్లు అబద్ధం ఆడలేదు. తిన్నది గుర్తుంచుకోవడం, కొలత అంచనా వేయడం మనిషికి అంత కష్టం. మీరు రాసిన జాబితాలో టీ లేదు. కార్యాలయంలో రోజుకు మూడు టీలు, ఒక్కోదాంట్లో రెండు చెంచాల చక్కెర ఉంటే చక్కెరే 120 కేలరీలు. పాలు వేరే. పిల్లల పళ్లెంలో మిగిలింది పారేయలేక తినడం, పొయ్యి దగ్గర రుచి చూడటం, చుట్టాలింట్లో మొహమాటానికి తీసుకున్న ఒక పూతరేకు కూడా లెక్కలోకి వస్తాయి. ఆదివారం కలిసేలా మూడు రోజులు నోట్లోకి వెళ్లే ప్రతిదీ, తిన్న వెంటనే, ఒక కాగితం మీద రాయండి. ఎవరికీ చూపించనక్కర్లేదు.

నేను అన్నం కంటే ముందు నూనె సీసాను అనుమానిస్తాను. నలుగురున్న ఇంట్లో నెలకు నాలుగు లీటర్ల నూనె అవుతోందనుకోండి. మనిషికి రోజుకు 33 మిల్లీలీటర్లు, అంటే 275 కేలరీల పైనే. వేరుశనగ, పొద్దుతిరుగుడు, పామాయిల్, ఏదైనా కేలరీల్లో తేడా లేదు. మూడు లీటర్లకు దించితే తలా 70 కేలరీలు తగ్గుతాయి, ఎవరి కడుపూ మాడదు. దీనికి తేలికైన దారి ఒకటుంది. వారానికి సరిపడే నూనెను, మీ ఇంటికి మూడు పావులు అంటే 750 మిల్లీలీటర్లను, ఆదివారం ఒక చిన్న సీసాలో విడిగా పోసి పెట్టుకోండి. పోపుకు సీసా వంచకుండా చెంచాతో తీసి వేయండి. గురువారానికే సీసా ఖాళీ అయితే ఎక్కడ పోతోందో మీకే తెలుస్తుంది. వేపుళ్లు వారానికి రెండు సార్లకు మించనీయకండి.

కొబ్బరి మన నేల పంట. దాన్ని మానమని కోనసీమ వారికి చెప్పను, కొలత పెట్టుకోమంటాను. నలభై గ్రాముల పచ్చికొబ్బరిలో 150 కేలరీల దాకా ఉంటాయి. ఇడ్లీ పచ్చడిలో సగం కొబ్బరి తీసేసి వేయించిన శనగపప్పు, కొత్తిమీర వేసుకోండి. కొన్ని రోజులు టమాటా పచ్చడి చేసుకోండి.

చపాతీకీ అన్నానికీ ఉన్న తేడా గురించి మనవాళ్లలో పెద్ద అపోహ ఉంది. అరవై గ్రాముల బియ్యం వండితే దాదాపు 210 కేలరీలు. నూనె రాసి కాల్చిన రెండు చపాతీలు అంతకు తక్కువ ఉండవు, పైగా మీరు వాటితో బంగాళాదుంప కూర తింటున్నారు. రాత్రి అన్నమే ఇష్టమైతే కప్పుతో కొలుచుకుని తినండి. బంగాళాదుంప బదులు బీర, ఆనప, తోటకూర, గోంగూర లాంటివి పళ్లెంలో సగం ఉండాలి.

మీ పళ్లెంలో నాకు కనిపించిన అసలు లోటు ప్రొటీన్. మీరు రాసినదాన్ని బట్టి రోజుకు 40 గ్రాముల చుట్టుపక్కల అందుతోంది. బరువు తగ్గే దశలో కండను కాపాడుకోవడానికి కిలో బరువుకు 1 నుంచి 1.2 గ్రాములు, అంటే మీకు 70 నుంచి 80 గ్రాములు అవసరం. గోదావరి జిల్లాల్లో ఉండి దీనికి డబ్బాల పొడులు కొనాల్సిన పని లేదు. చేపలూ రొయ్యలూ ఇంత తేలిగ్గా దొరికే చోటు మన దగ్గర తక్కువ. నూట యాభై గ్రాముల చేప ముక్కల్లో 27 గ్రాముల దాకా ప్రొటీన్ ఉంటుంది. అయితే పులుసు పెట్టుకోండి, వేపుడు వద్దు. రెండు గుడ్లలో 12 గ్రాములు. పొద్దున ఇడ్లీ బదులు యాభై గ్రాముల పెసలతో పెసరట్టు వేసుకుంటే 12 గ్రాములు. గట్టిగా వండిన పప్పు యాభై గ్రాముల కందిపప్పుతో 11 గ్రాములు. ఒక గిన్నె పెరుగులో 6. ఇంతటితోనే దాదాపు 70 వచ్చేస్తాయి. మాంసాహారం తినని రోజుల్లో మీల్‌మేకర్, శనగలు, పనీర్ వాడుకోండి. ప్రొటీన్ ఎక్కువగా ఉన్న భోజనం ఆకలిని ఎక్కువసేపు ఆపుతుంది. కిడ్నీ జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరును అడగకుండా ఈ లెక్క పాటించకూడదు.

ఇప్పుడు వ్యాయామం. నడక మంచిదే, మానకండి, కానీ నడక ఒక్కటే కండను కాపాడదు. తిండి తగ్గించి నడక మాత్రమే చేసేవారు కోల్పోయే బరువులో గణనీయమైన భాగం కండే అవుతుంది. నలభై దాటిన స్త్రీలకు అది ఎముకలకు కూడా నష్టం. ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక లాంటి వ్యాయామంతో పాటు, కనీసం రెండు రోజులు కండరాలకు పని చెప్పే వ్యాయామం చేయమంటోంది. మన ఆడవాళ్లు నిర్లక్ష్యం చేసేది ఈ రెండోదాన్నే. జిమ్ అక్కర్లేదు. గట్టి కుర్చీని గోడకు ఆనించి కూర్చోండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, ఊతం లేకుండా లేవండి. మళ్లీ కూర్చునేటప్పుడు మనసులో ఒకటి, రెండు, మూడు అనుకుంటూ నెమ్మదిగా దిగండి, కుర్చీలో కూలబడకండి. ఇలా పదిసార్లు. తర్వాత గోడకు రెండడుగుల దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచుతూ ముందుకు వెళ్లి వెనక్కి తోయండి. అదీ పదిసార్లు. ఒక్కో చేతిలో ఒక లీటరు నీళ్ల సీసా పట్టుకుని నడుము వంచకుండా భుజాల దాకా ఎత్తి దించండి. ఈ మూడూ మూడు విడతలు, వారానికి మూడు రోజులు, ఇరవై నిమిషాల్లో అయిపోతుంది. పదిసార్లు తేలికైపోయిన రోజున పన్నెండు చేయండి. ఆ తర్వాత ఒడిలో రెండు కిలోల బియ్యం సంచి పట్టుకుని లేవండి. కొంచెం కొంచెంగా కష్టం పెంచకపోతే కండకు బలపడాల్సిన అవసరం ఉండదు. మోకాళ్ల నొప్పి ఉంటే ఎత్తైన కుర్చీతో మొదలుపెట్టండి. ఇవి మొదలుపెట్టిన రెండు మూడు వారాలు కండరాల్లో నీరు చేరి బరువు కొద్దిగా పెరగవచ్చు. అది చూసి మానేయకండి.

నడకలో కూడా వేగం మార్చండి. రెండు నిమిషాలు మాట తడబడేంత వేగంగా, రెండు నిమిషాలు మామూలుగా. రాత్రి భోజనం తర్వాత ఇంటి ముందు పదిహేను నిమిషాలు నడవండి. కుర్చీ ఉద్యోగం కాబట్టి గంటకోసారి లేచి నిలబడండి.

మీ నిద్ర ఐదు గంటలే. నాకు తిండి కంటే ఇదే ఎక్కువ బాధ కలిగించింది. నిద్ర చాలనప్పుడు ఆకలి పెరుగుతుంది, తీపి మీదకూ వేపుళ్ల మీదకూ మనసు పోతుంది. కొవ్వుకు బదులు కండ కరిగే అవకాశం కూడా ఎక్కువ. నడక కోసం తెల్లవారుజామునే లేవడం తప్పనిసరి అయితే పదిన్నరకల్లా పడుకునేలా ఇంటి పనిని ఇంట్లో వాళ్లతో పంచుకోండి. అంట్లు తోమడం మగవాళ్లకూ పిల్లలకూ చేతకాని పని కాదు. వారంలో రెండు రోజులు నడక సాయంత్రానికి మార్చుకుని ఆరున్నర దాకా పడుకున్నా మంచిదే.

థైరాయిడ్ పరీక్ష చేయించుకోండి. టీఎస్‌హెచ్ ఒక్కటి చాలు, దానితో పాటు హిమోగ్లోబిన్, మూడు నెలల సగటు షుగరు చూపించుకోండి. అయితే థైరాయిడ్ తగ్గడం వల్ల పెరిగే బరువు సాధారణంగా రెండు నుంచి ఐదు కిలోలే, అందులోనూ ఎక్కువ భాగం నీరూ ఉప్పే. పరీక్ష మామూలుగా ఉంటే సన్నబడతామని థైరాయిడ్ మాత్రలు వాడవద్దు. అవి గుండె దడ తెస్తాయి, ఎముకలను గుల్ల చేస్తాయి. స్టెరాయిడ్లు, కొన్ని షుగరు మందులు, కొన్ని మానసిక వైద్య మందులు కూడా బరువు తగ్గకుండా ఆపుతాయి. మీరు ఏవైనా వాడుతుంటే సొంతంగా మానకుండా రాసిచ్చిన డాక్టరుతో మాట్లాడండి.

ఇంజెక్షన్ల గురించి అడిగారు. సెమాగ్లూటైడ్, టిర్జెపటైడ్ మందులు బాగా పనిచేసేవే. సరైనవారికి నేను వాటిని కాదనను. కానీ వాటితో కూడా బరువు ఒక చోట ఆగుతుంది. మానేస్తే పోయిన బరువులో చాలా భాగం తిరిగి వస్తుంది. వాడుతున్నప్పుడు ప్రొటీన్, కండరాల వ్యాయామం ఇంకా ఎక్కువ అవసరం. సొంత ప్రయత్నంతో పదకొండు శాతం తగ్గిన మీకు ఇప్పుడు ఆ అవసరం నాకు కనిపించడం లేదు. ఎవరో చెప్పారని మందుల దుకాణంలో కొని వేయించుకోవడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మీకు విపరీతమైన అలసట, చిరాకు, జుట్టు రాలడం ఉంటే ఇంకా తగ్గించకండి. రెండు వారాలు ఇప్పుడున్న బరువు నిలిచేంత తిని, ఆ తర్వాత మళ్లీ మొదలుపెట్టండి. రోజుకు 1,200 కేలరీల కిందకు డాక్టరు పర్యవేక్షణ లేకుండా దిగవద్దు. రాబోయే మూడు నెలల్లో రెండు మూడు కిలోలు తగ్గితే చాలు. నెలసరి తప్పడం, గట్టి గురకతో పాటు పగటి మగత, తిన్నాక కుడివైపు డొక్క కింద నొప్పి లాంటివి ఉంటే ఆలస్యం చేయకుండా చూపించుకోండి. ఇవేవీ లేకపోయినా, ఈ మార్పులు చేసిన ఎనిమిది వారాల తర్వాత కూడా బరువు సగటు, నడుము కొలత రెండూ కదలకపోతే, మూడు రోజుల తిండి కాగితం, పరీక్షల రిపోర్టులు, వాడే మందుల చీటీ తీసుకుని దగ్గరలోని ఫిజీషియన్‌ను కలవండి.