ముందు కిటికీ, తర్వాతే గుడ్డ

చిన్నీ,

కొత్త ఫ్లాటు కిటికీల ఫొటోలు చూశాను. హాలుకీ మూడు బెడ్‌రూములకీ కలిపి షాపువాళ్ళు కర్టెన్లకు ఒకే ప్యాకేజీ చెప్పారని, ఆదివారంలోగా అడ్వాన్సు కడితే తగ్గిస్తారని రాశావు. ఇప్పుడే కట్టకు. ఇరవై ఎనిమిదేళ్ళు కర్టెన్లు కుట్టాను. ఒకే ఇంట్లో రెండు కిటికీలకు ఒకే అవసరం ఉండడం నేను పెద్దగా చూడలేదు.

ఒక సెలవురోజు పొద్దున్నుంచి రాత్రిదాకా ఇంట్లోనే ఉండి చూడు. ఏ గదిలోకి ఎండ ఎప్పుడొస్తుంది, ఎదురు అపార్ట్‌మెంటు ఎంత దగ్గర? రాత్రి లైట్లు వేసి, అల్లుడుగారిని కిందికెళ్ళి పైకి చూడమను. పల్చటి తెర పగలు మనల్ని దాస్తుంది కానీ, లోపల లైటు వేశాక బయటివాళ్ళకు అంతా కనిపిస్తుంది. అందుకే బెడ్‌రూముకు పల్చటి తెర ఒక్కటే చాలదు. దాని ముందు మందపాటిది ఇంకొకటి కావాలి, రెండు రాడ్లు పట్టే బ్రాకెట్లు అడుగు.

నీ హాలు పడమర ముఖం. హైదరాబాదులో ఏప్రిల్, మే నెలల్లో మూడు దాటాక ఆ ఎండ ఎలా ఉంటుందో నీకు తెలుసు. ఎండ అద్దం దాటి వచ్చిందంటే వేడి గదిలోకి వచ్చేసినట్టే. లోపలి కర్టెన్ కొంత ఆపుతుంది, వెనక తెల్ల లైనింగ్ వేస్తే ఇంకొంచెం. అసలు ఆపాల్సింది అద్దానికి బయటే. మీకు బాల్కనీ ఉంది కదా, వెదురు తడిక కట్టించు. మన ఊళ్ళో మీ తాతగారు వేసవిలో వట్టివేళ్ళ తడికలు కట్టించి నీళ్ళు చల్లించేవారు, ఆ వాసన నీకూ గుర్తుండే ఉంటుంది.

ఇక లెక్క. మోసపోయేది ఎక్కువగా ఇక్కడే. నీ హాలు కిటికీ వెడల్పు 6 అడుగులు. రాడ్డు రెండు పక్కలా 8 అంగుళాల చొప్పున బయటికి రావాలి, అప్పుడే కర్టెన్ పక్కకు జరిపితే అద్దం మొత్తం తెరుచుకుంటుంది. అంటే 88 అంగుళాలు. కుచ్చులు నిండుగా పడాలంటే దానికి రెట్టింపు గుడ్డ కావాలి, 176. గుడ్డ పన్నా, అంటే బట్ట వెడల్పు, 48 అంగుళాలైతే అలాంటి ముక్కలు నాలుగు పక్కపక్కన కలపాలి, అంటే నాలుగు పన్నాలు. రాడ్డు నుంచి నేలదాకా 90 అంగుళాలు, పై మడతకూ కింది అంచుకూ కలిపి ఇంకో 12, అంటే ఒక్కో పన్నాకు 102. నాలుగు పన్నాలకూ మొత్తం దాదాపు 10.5 మీటర్లు. పెద్ద పువ్వుల డిజైనైతే పువ్వు పువ్వుకీ కలవాలి కాబట్టి ఇంకా పడుతుంది. ఎవరైనా చౌకగా చెబితే “ఎన్ని పన్నాలు వేస్తున్నారు?” అని అడుగు. మూడంటే, మూసినప్పుడు కర్టెన్ దుప్పటి ఆరేసినట్టు ఉంటుంది.

కాటన్ అయితే కుట్టించే ముందే తడిపి ఆరబెట్టు. నా మొదటి ఆర్డరులో ఆ పని చేయలేదు. మొదటి ఉతుకుకే కర్టెన్లు నేల నుంచి నాలుగు అంగుళాలు పైకి పోయాయి. ఆర్డరిచ్చినావిడ ఒక్క మాట అనలేదు, కానీ ఆవిడ ముఖం ఇప్పటికీ మర్చిపోలేను. కొత్త గుడ్డ కొని మళ్ళీ కుట్టిచ్చాను.

పెడన కలంకారీ వేయాలని ఉందన్నావు. నాకూ ఇష్టమే, చాలా సంతోషం. కానీ హాల్లో వద్దమ్మా, ఆ పడమటి ఎండకు రంగు వెలిసిపోతుంది. ఉత్తరం వైపు బెడ్‌రూములో వేసి, వెనక తెల్లటి కాటన్ లైనింగ్ పెట్టించు.

వంటింటికి గుడ్డ అసలు వద్దు. పొయ్యి పక్కన చెక్క బ్లైండ్స్ కూడా వద్దు, ఒక్కో పలకకూ పట్టిన నూనె జిడ్డు తుడవడం నీవల్ల కాదు. పైకి చుట్టుకునే, తడిగుడ్డతో తుడిచేసే సాదా రోలర్ బ్లైండ్ చాలు. అది కిటికీ చట్రం లోపలే బిగించేదైతే వెడల్పు పైన, మధ్యలో, కింద మూడుచోట్ల కొలిచి తక్కువ వచ్చినది రాసుకో. దాంట్లోంచి నువ్వేమీ తగ్గించకు, తయారుచేసేవాళ్ళే తగ్గిస్తారు. ఇద్దరూ తగ్గిస్తే పక్కల సందులు పడతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైనది బుజ్జిగాడి గది. బ్లైండ్స్‌కు వేలాడే తాడు, గొలుసు పిల్లల మెడకు చుట్టుకుంటే నిమిషాల్లో ప్రాణం మీదికొస్తుంది, గొంతు నొక్కుకుపోతే అరుపు కూడా వినిపించదు. వాడి గదిలో తాడు లేనిదే పెట్టించు, లేదా మామూలు కర్టెన్ వెయ్యి. మిగతా గదుల్లో గొలుసు ఉంటే దాన్ని గోడకు బిగుతుగా పట్టించే క్లిప్ వేయించాకే పనివాళ్ళని పంపు. వాడి మంచం, ఎక్కడానికి వీలున్న కుర్చీ ఏదీ కిటికీ దగ్గర ఉండకూడదు.

గుడ్డ ముక్కలు రెండు మూడు ఇంటికి తెచ్చుకుని, పగటి వెలుగులో ఒకసారి, రాత్రి లైట్ల కింద ఒకసారి చూడు. కొలతలు తీశాక నాకు పంపు. కిటికీ తలుపులు పక్కకు జరిగేవా, లోపలికి తెరుచుకునేవా అన్నదీ రాయి. లోపలికి తెరుచుకునేవైతే రాడ్డు ఇంకా పైకి వేయాలి.

మీ పెద్దమ్మ