రాకెట్ కిట్ వచ్చింది, మోటార్ రాలేదు.. ఇప్పుడేం చేయాలి?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం రాకెట్ల మీదే ఉన్నాయి. సెలవులకి అమెరికా నుంచి చుట్టాలొచ్చినట్టున్నారు.

ప్రశ్న: మా అన్నయ్య డల్లాస్ నుంచి వస్తూ మా బాబుకి (ఎనిమిదో క్లాసు) ఎస్టెస్ ఆల్ఫా 3 అని రాకెట్ కిట్ తెచ్చాడు. ట్యూబు, రెక్కలు, పారాచూట్ అన్నీ ఉన్నాయి గానీ మోటార్ లేదు. అడిగితే ఫ్లైట్‌లో తేనివ్వరు అంటున్నాడు. నిజమేనా? పెట్టె మీద ఏ8-3, బి6-4, సి6-5 అని రాసుంది, అదేంటో కూడా చెప్పండి.
– ఒక అమ్మ, కూకట్‌పల్లి

జవాబు: నిజమేనండీ, మీ అన్నయ్యని తిట్టకండి. ఆ మోటార్‌లో ఉండేది తుపాకీ మందు (బ్లాక్ పౌడర్), అంటే పేలుడు పదార్థాల లెక్కలోకి వస్తుంది కాబట్టి చేతి బ్యాగులో పెట్టినా, చెకిన్ లగేజీలో వేసినా తేనివ్వరు. కొరియర్‌లో తెప్పిద్దామన్నా కుదరదు, మన దేశంలోకి ఇలాంటివి దిగుమతి చేసుకోవాలంటే 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం లైసెన్స్ కావాలి. ఎవరైనా ఆన్‌లైన్‌లో "మా దగ్గరుంది" అంటే ముందు ఆ లైసెన్స్ కాగితం చూపించమనండి, చూపించకపోతే వదిలేయండి.

ఇక ఆ కోడ్. మొదటి అక్షరం మోటార్ మొత్తం బలం, ఒక్కో అక్షరం దాటినప్పుడల్లా గరిష్ఠ బలం రెట్టింపవుతుంది. ఏ అంటే 2.5 న్యూటన్ సెకన్ల దాకా, బి 5 దాకా, సి 10 దాకా. మధ్యలో అంకె సగటున ఎంత తోపు ఇస్తుందో న్యూటన్లలో. చివరి అంకె నాకు అన్నిటికన్నా ఇష్టమైంది, మందు కాలిపోయాక ఎన్ని సెకన్లు ఆగి పారాచూట్‌ని బయటికి తోయాలో చెప్తుంది. బి6-4 అయితే సెకనులోపే మందు అయిపోతుంది, ఆ తర్వాత 4 సెకన్ల పాటు రాకెట్ వేగంతోనే పైకి పోతూ ఉంటుంది, పైకెళ్లి ఆగే టైముకి లోపల చిన్న చప్పుడయ్యి ముక్కు ఊడి పారాచూట్ వస్తుంది. ఈ టైము తక్కువైతే స్పీడులో ఉండగానే తెరుచుకుని గుడ్డ చిరుగుతుంది, ఎక్కువైతే తలకిందులుగా నేల మీదకి దిగుతుంది. కొత్తవాళ్లకి ఏ8-3 ఇవ్వమని చెప్పేది ఎందుకంటే తక్కువ ఎత్తుకే వెళ్తుంది, మళ్లీ దొరుకుతుంది. అదే సి వేస్తే ఆల్ఫా 3 వెయ్యి అడుగులు దాటుతుంది, మన కాలనీల్లో అంతెత్తుకెళ్లింది పక్క కాలనీ వాళ్ల టెర్రస్ మీదే దిగుతుంది.

మోటార్ లేదని మాత్రం కిట్ అటక మీద పెట్టేయొద్దు. కట్టడంలోనే నేర్చుకునేదంతా ఉంది, కింది జవాబులు చూడండి.

ప్రశ్న: మా తమ్ముడు దీపావళి రాకెట్లు పగలగొట్టి ఆ మందు తీసి కిట్ల పోస్తా అంటుండు. యూట్యూబ్‌ల చక్కెరతో మందు చేసుడు కూడా చూసిండట. నడుస్తదా?
– ఒక అన్న, అల్వాల్

జవాబు: నడవదు. ఇద్దరూ దాని జోలికి పోవద్దు. కంపెనీ మోటార్‌లో మందుని ఒకే ఒత్తిడితో బిగించి నొక్కుతారు, కింద మట్టితో చేసిన నాజిల్ ఉంటుంది, అందుకే ప్రతిసారీ ఒకేలా కాలుతుంది. అదే ఇంట్లో కూరిన మందులో చిన్న పగులున్నా, గాలి ఖాళీ మిగిలినా ఒక్కసారిగా అంటుకుంటుంది, అప్పుడది రాకెట్ కాదు బాంబే. వేళ్లూ కళ్లూ పోయేది ఇక్కడే. యూట్యూబ్‌లో సక్సెస్ అయినవే పెడతారు కదా.

దానికి బదులు నీళ్ల రాకెట్ చేయించండి, నిజం చెప్పాలంటే మోటార్ రాకెట్ కన్నా సరదా అదే. 2 లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ తీసుకోండి (మంచినీళ్ల పల్చటి బాటిల్ వద్దు, గ్యాసు ఒత్తిడి తట్టుకోడానికి చేసింది కూల్‌డ్రింక్‌దే), మూడో వంతు నీళ్లు పోసి, మూతికి బిరడా బిగించి, దాంట్లోంచి సైకిల్ ట్యూబు వాల్వు పెట్టి మీటరున్న పంపుతో గాలి కొట్టండి. 60 పీఎస్‌ఐ దాటనివ్వొద్దు. గీతలు పడ్డ బాటిల్, ఎండలో పడేసిన బాటిల్ వాడొద్దు. నొక్కుకున్న గాలి నీళ్లని కిందకి తోస్తుంది, నీళ్లు బరువు కాబట్టి వాటి ఎదురుతోపుకి బాటిల్ పైకి లేస్తుంది, ఉత్తి గాలి అయితే అంత ఎగరదు. ఎన్ని నీళ్లు పోస్తే ఎంత ఎత్తుకెళ్లిందో మీవాణ్ణి రాసి పెట్టుకోమనండి, ఆదివారం మొత్తం అయిపోతుంది. బాటిల్ మీద వంగి చూడటం మాత్రం వద్దు, తాడు కట్టి దూరం నుంచి లాగి వదలాలి.

ప్రశ్న: బాల్సా (తేలిక చెక్క) రెక్కలున్న కిట్ కడుతున్నాను. అతికించిన రెక్క చేత్తో పట్టుకుంటే ఊగుతోంది. ఫెవిక్విక్ వేస్తే గట్టిగా ఉంటుందా? ఇంకో డౌటు, పీఎస్‌ఎల్‌వీ లాంటి పెద్ద రాకెట్లకి ఇలాంటి రెక్కలే కనపడవు, మనకెందుకు మరి?
– బీటెక్ స్టూడెంట్, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: ఫెవిక్విక్ త్వరగా పట్టుకుంటుంది గానీ దెబ్బ తగిలితే టక్కున ఊడొస్తుంది, మామూలు తెల్ల ఫెవికాలే మంచిది. ముందు పలచగా రెండు వైపులా రాసి ఆరనివ్వండి, తర్వాత ఇంకో పూత వేసి అతికించండి. ఆరాక రెక్కకీ ట్యూబుకీ మధ్య మూలలో వేలితో ఫెవికాల్ గీత లాగండి, వేలు వెడల్పు కాకుండా వేలు కొన అంత, అది ఆరితే రెక్క ఊడాలంటే ట్యూబు కాగితం కూడా చిరగాల్సిందే. బాల్సా కోసేటప్పుడు చెక్క గీతలు రెక్క ముందంచుతో సమాంతరంగా ఉండాలి, అడ్డంగా ఉంటే నేల తాకగానే విరుగుతుంది. మీది ఊగుతోందంటే నాకు అనుమానం దీని మీదే, ఒకసారి చూడండి.

రెండోది మంచి డౌటు. పెద్ద రాకెట్‌కి లోపల బుర్ర ఉంటుంది, పక్కకి ఒరుగుతుంటే అది చూసుకుని సరిచేస్తుంది. పీఎస్‌ఎల్‌వీ మొదటి స్టేజీలో అయితే నాజిల్‌లోకి పక్క నుంచి ద్రవం చిమ్మి మంట దిశ మారుస్తారు. మన హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ 2022 నవంబర్ 18న శ్రీహరికోట నుంచి 89.5 కిలోమీటర్ల ఎత్తుకి పంపిన విక్రమ్-ఎస్ సుమారు 6 మీటర్ల రాకెట్, దాన్ని గిర్రున తిప్పి స్థిరంగా ఉంచడానికి చిన్న థ్రస్టర్లు పెట్టారు. మన కిట్‌కి బుర్రా లేదు థ్రస్టర్లూ లేవు, ఉన్నవి రెక్కలే. రాకెట్ ఒరిగితే గాలి రెక్కల్ని తోసి మళ్లీ ముక్కు ముందుకి తెస్తుంది, అలా జరగాలంటే బరువు నిలిచే చోటు, గాలి ఒత్తిడి కేంద్రం (గాలి తోపంతా ఒక్కచోటే పడుతున్నట్టుండే చోటు) కన్నా ముక్కు వైపు ఉండాలి, కనీసం ట్యూబు అడ్డుకొలత అంత దూరం. ఆల్ఫా 3 ట్యూబు దాదాపు 25 మిల్లీమీటర్లు, కాబట్టి అంత. తారాజువ్వకి పొడుగు పుల్ల పెట్టేది కూడా ఇందుకే, అది రెక్కల పని చేస్తుంది, పుల్ల విరిగిన జువ్వ ఎటు పోతుందో అందరం చూసిందే.

దీనికి తాడు పరీక్ష చేయండి, మోటార్ కూడా అక్కర్లేదు. ఈ కిట్లలో వాడే మోటార్ 18 మిల్లీమీటర్ల మందం, 70 మిల్లీమీటర్ల పొడుగు ఉంటుంది, ఏ8-3 బరువు 16 గ్రాముల దాకా. ఆ కొలతలకి కాగితం చుట్టి లోపల మట్టి నింపి, కిచెన్ తూకం మీద సరిచూసి మోటార్ చోట పెట్టండి. పారాచూట్ కూడా మడిచి లోపల ఉంచండి. రాకెట్‌ని వేలి మీద నిలబెట్టి బరువు సమానమయ్యే చోటు పట్టుకుని అక్కడ దారం కట్టి టేప్ వేయండి, ఆరేడు అడుగుల దారం పట్టుకుని తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుగా తిరిగితే పాస్. తోక ముందుకొస్తే, గిలగిలా కొట్టుకుంటే ముక్కులో కాస్త మైనపు బంకమట్టి వేసి మళ్లీ తిప్పండి. ట్యూబ్‌లైట్‌కి దూరంగా అని వేరే చెప్పాలా.

ప్రశ్న: కాలేజీ క్లబ్‌లో లైసెన్స్ మోటార్లతో ఎగరేయాలనుకుంటున్నాం. ఎలాంటి చోటు కావాలి?
– ఘట్‌కేసర్

జవాబు: 'ఏ' రకం మోటార్‌కి వెడల్పు 30 మీటర్లు, 'బి'కి 60, 'సి'కి 120 మీటర్ల ఖాళీ ఉండాలని అమెరికా క్లబ్బుల సేఫ్టీ నియమం, కనీసం అది పాటించండి. జనం 5 మీటర్ల అవతల, గాలి గంటకి 32 కిలోమీటర్లు దాటితే ఆపేయాలి. ఆషాఢం గాలిలో అస్సలు వద్దు, సంక్రాంతి ముందు పొద్దున్నే బాగుంటుంది. శంషాబాద్, బేగంపేట, హకీంపేట, దుండిగల్ చుట్టుపక్కల ఆలోచించకండి, అవన్నీ విమానాలు తిరిగే చోట్లు. మిగతా చోట్ల కూడా పోలీసులకి, స్థలం యజమానికి ముందే చెప్పి రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. ఎండు గడ్డి మీద వద్దు. స్విచ్ నొక్కినా వెలగకపోతే సేఫ్టీ తాళం తీసేసి ఒక నిమిషం ఆగాకే దగ్గరికెళ్లాలి.

పారాచూట్‌కి ముందు రోజే కాస్త బేబీ పౌడర్ రాసి మడవండి, అతుక్కోకుండా తెరుచుకుంటుంది. మోటార్‌కీ పారాచూట్‌కీ మధ్య నిప్పంటని కాగితమే పెట్టాలి, దూదీ టిష్యూ పెట్టొద్దు, కాలుతూ కింద పడతాయి.

ప్రశ్న: ఎగిరింది, కానీ కరెంటు తీగల మీద పడింది. పొడుగు కర్రతో తీయొచ్చా?
– అదే క్లబ్ నుంచి ఇంకొకరు

జవాబు: వద్దు. కర్ర ఎండిందే అనుకున్నా వద్దు. కరెంటు ఆఫీసుకి ఫోన్ చేసి లైన్‌మన్ వస్తే ఆయన తీస్తే తీస్తాడు, లేదంటే ఆ రాకెట్ పోయిందనుకోండి. ట్యూబు, రెక్కలు మళ్లీ కట్టుకోవచ్చు.