రోబో, యువజన కూటం, విదేశీ ప్రయాణం: మీ ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: వందనాలండీ. ఆదివారం ఆరాధన అయ్యాక మా మందిరం హాల్లోనే 12 మంది పిల్లలతో లైన్ ఫాలోవర్ (నేల మీది నల్లగీత వెంట నడిచే రోబో బండి) చేయిస్తున్నాం. ఆర్డునో ఊనో (ప్రోగ్రాం నడిపే చిన్న బోర్డు), ఎల్298ఎన్ డ్రైవర్ (మోటార్లకు కరెంటు అందించే బోర్డు), రెండు బీవో మోటార్లు (చిన్న గేరు మోటార్లు), గీతను పసిగట్టే రెండు ఐఆర్ (పరారుణ) సెన్సార్లు, 9 వోల్టుల చదరపు బ్యాటరీ వాడాం. బండి రెండడుగులు పోయి ఆగుతుంది, మళ్లీ మొదట్నుంచి మొదలెడుతుంది. పైగా సాయంత్రం చక్కగా గీత పట్టుకునేది మధ్యాహ్నం కిటికీ దగ్గరికి రాగానే దారి తప్పుతోంది. ప్రోగ్రాం ఎన్నిసార్లు మార్చినా ఇంతే.
– యూత్ లీడర్, పాకాల

జవాబు: ప్రోగ్రాం జోలికి ఇక వెళ్లకండి బ్రదర్. మీ బండికి రెండు వేర్వేరు జబ్బులున్నాయి, రెండూ కోడ్‌లో లేవు.

మొదటిది బ్యాటరీ. ఆ చదరపు బ్యాటరీ మల్టీమీటర్ లాంటి కొద్దిపాటి కరెంటు తాగే వస్తువులకు చేసింది. కదలడం మొదలెట్టిన క్షణంలోనూ, చక్రం ఇరుక్కున్నప్పుడూ ఒక్కో బీవో మోటారు ఆంపియర్ దరిదాపుల్లో లాగుతుంది. అంత లాగేసరికి బ్యాటరీ వోల్టేజీ కుంగిపోయి, ఊనో బోర్డు ఆరిపోయి మళ్లీ లేస్తుంది. అందుకే బండి మళ్లీ మొదటికొస్తోంది. మల్టీమీటర్ బ్యాటరీకి పెట్టి, ఒక పిల్లవాణ్ణి చక్రం రెండు సెకన్లు వేలితో ఆపమనండి. అంకె పడిపోవడం అందరి కళ్లకూ కనిపిస్తుంది. అంతకంటే ఎక్కువసేపు ఆపితే డ్రైవర్ వేడెక్కుతుంది.

దాని బదులు 18650 అనే, ఛార్జ్ చేసుకునే లిథియం సెల్స్ రెండు వరసగా కలపండి. నిండుగా ఉన్నప్పుడు 8.4 వోల్టులు, మామూలుగా 7.4. ఎల్298ఎన్ తన వంతుగా సుమారు 2 వోల్టులు తినేస్తుంది కాబట్టి మోటార్లకు అందేది 5, 6 వోల్టులు. వాటికి అది సరిపోతుంది. సెల్ కొనేటప్పుడు పైన 9,900 ఎంఏహెచ్ (సెల్ ఎంత ఛార్జి పట్టుకుంటుందో చెప్పే అంకె) అని రాసి ఉంటే అక్కడే పెట్టేయండి. ఆ సైజులో అసలైన సెల్ సుమారు 3,500 దాటదు. ఒక్కో సెల్‌ను విడిగా ఛార్జ్ చేసే ఛార్జర్ తీసుకోండి, పెద్దవాళ్లెవరూ లేనప్పుడు ఛార్జింగ్ పెట్టనివ్వకండి. సెల్ 3 వోల్టుల కిందికి దిగకముందే ఆపాలి. బ్యాటరీ మైనస్, డ్రైవర్ గ్రౌండ్, ఊనో గ్రౌండ్ మూడూ ఒకచోట కలవాలి. చాలామంది పిల్లలు మరిచిపోయే తీగ అదే. మోటారు రెండు కొసల మధ్య 104 అని ముద్ర ఉన్న సిరామిక్ కెపాసిటర్ ఒకటి సోల్డర్ చేస్తే మోటారు పుట్టించే విద్యుత్ రొద కూడా తగ్గుతుంది.

రెండో జబ్బు ఎండ. ఐఆర్ సెన్సార్ తను పంపిన కిరణం తిరిగి వచ్చిందా లేదా అని చూస్తుంది. ఎండలోనూ అవే కిరణాలు బోలెడుంటాయి, దాంతో నల్లగీత కూడా దానికి తెల్లగానే కనిపిస్తుంది. సెన్సార్‌ను నేలకు 5 మిల్లీమీటర్ల ఎత్తుకి దించండి, చుట్టూ నల్ల అట్టతో చిన్న గోడ కట్టండి. తర్వాత ఆ హాల్లోనే, ఆ వేళలోనే సెన్సార్ మీది చిన్న స్క్రూ తిప్పి మళ్లీ సరిచేయాలి. నేల టైల్స్ అయితే వాటి మెరుపు మరో తంటా. పాత సువార్త సభల ఫ్లెక్సీ వెనకవైపు తెల్లగా ఉంటే తిరగేసి పరవండి, దాని మీద మెరవని నల్ల టేపు అంటించండి. మంచి ట్రాక్ అవుతుంది, మడతలు మాత్రం ఉండకూడదు.

ఇంకో మాట. తర్వాత జెండా ఎత్తడానికి సర్వో మోటారు (చెప్పిన కోణానికి తిరిగి ఆగేది) తగిలిస్తారేమో, చాలా బృందాలు అదే చేస్తాయి. ఊనోలో సర్వో లైబ్రరీ పిలవగానే 9, 10 పిన్నుల మీద స్పీడు నియంత్రణ పనిచేయదు. డ్రైవర్‌లో వేగం చూసే ఈఎన్‌ఏ, ఈఎన్‌బీ తీగల్ని ఇప్పుడే 5, 6 పిన్నులకు మార్చేస్తే ఆ గొడవ ఉండదు.

ఇవన్నీ మీరే చేసేయకండి. ముగ్గురికి ఒక కిట్ చొప్పున ఇవ్వండి: ఒకరు తీగలు, ఒకరు కోడ్, ఒకరు నోట్‌బుక్. వారం వారం పని మార్చాలి. ఒకసారి ఒక్కటే మార్చి, ఏం మార్చారో, ఏమైందో రాయించండి. స్క్రూడ్రైవర్ మీ చేతిలో ఉన్నంతసేపూ వాళ్లు ప్రేక్షకులే. చాలా పోటీల్లో కోచ్‌ని బల్ల దగ్గరికి రానివ్వరు. అక్కడ చేతులు కట్టుకుని నిలబడాల్సిందే, కాబట్టి ఆ అలవాటు ఇక్కడే చేసుకోవాలి.

ప్రశ్న: మా వీధిలో హిందూ, ముస్లిం పిల్లలూ రోబో క్లాసుకి వస్తామంటున్నారు. సంఘ పెద్దలేమో ప్రార్థనకు కూర్చుంటేనే రానివ్వమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, శ్రీకాళహస్తి

జవాబు: రెండూ కలపకండమ్మా. వాక్యం 3 నుంచి 4 వరకూ, రోబో 4 నుంచి 6 వరకూ అని కరపత్రంలోనే వేరుగా వేయండి. రెండోదానికి మాత్రమే వచ్చేవారిని నాలుగింటికే రానివ్వండి. ఇది మందిరంలో జరుగుతుందని, నేర్పేవారు సంఘంవారేనని తల్లిదండ్రులకు ముందే చెప్పి సంతకం తీసుకోండి. మోటారు చూపించి ప్రార్థనలో కూర్చోబెడితే అది పరిచర్య కాదు, ఎర. మన జిల్లాలో అలాంటిది ఒక్కసారి బయటపడితే క్లాసు ఒక్కటే కాదు, వీధిలో మీ మాటకున్న విలువా పోతుంది.

ప్రశ్న: మా సంఘానికి జర్మనీలో ఒక సంఘంతో స్నేహం ఉంది. వేసవిలో యువజన శిబిరానికీ, రోబోల ప్రదర్శనకూ నలుగురు పిల్లల్ని రమ్మన్నారు. ఖర్చు డబ్బు పాస్టర్ గారి అకౌంట్‌కి పంపుతామన్నారు. ఒక అమ్మాయికి 15 ఏళ్లు, వాళ్ల నాన్న కువైట్‌లో ఉన్నాడు. ఎక్కడ మొదలెట్టాలి?
– సండే స్కూల్ టీచర్, తిరుపతి

జవాబు: 1865లో హెర్మన్స్‌బర్గ్ మిషన్ వచ్చినప్పటినుంచీ ఈ ప్రాంతపు లూథరన్ సంఘాలకు జర్మనీతో రాకపోకలున్నాయి కాబట్టి ఆహ్వానం కొత్తేమీ కాదు. తంటా అంతా కాగితాల దగ్గరే.

మొదట డబ్బు. ఆ డబ్బు పాస్టర్ గారి సొంత అకౌంట్‌కి రానివ్వకండి. విదేశీ సంస్థ నుంచి సంఘం పనికి డబ్బు తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్ఏ రిజిస్ట్రేషన్ గానీ, ముందస్తు అనుమతి గానీ ఉండాలి. 2020 సవరణ తర్వాత అది ముందుగా ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచ్‌లోని ఎఫ్‌సీఆర్ఏ అకౌంట్‌లోనే పడాలి. రిజిస్ట్రేషన్ ఉన్న మరో సంస్థ తీసుకుని మీకు బదిలీ చేయడం కూడా ఆ సవరణతో కుదరదు. టికెట్లూ బసా వాళ్లే అక్కడ చూసుకోవడం లాంటి ఏ ఏర్పాటైనా ఎఫ్‌సీఆర్ఏ తెలిసిన ఆడిటర్‌కి చూపించాకే ఒప్పుకోండి.

ఇక పాస్‌పోర్టు. తిరుపతిలోనే సేవా కేంద్రం ఉంది. మైనర్లకు ఫీజు 1,000 రూపాయలు. గడువు 5 ఏళ్లు, లేదా 18 నిండేవరకు, ఏది ముందైతే అది. 15 దాటిన పిల్లలు 1,500 కట్టి పదేళ్లది తీసుకోవచ్చు. మీ అమ్మాయికి అదే మేలు, లేకపోతే మూడేళ్లకే మళ్లీ తిరగాలి. అనెక్షర్ డి అనే ఫారం మీద తల్లిదండ్రులిద్దరి సమ్మతీ కావాలి. నాన్న కువైట్‌లో ఉన్నాడు కాబట్టి అక్కడి ఇండియన్ ఎంబసీ అటెస్ట్ చేసిన అఫిడవిట్ పంపాలి, ఇక్కడ తల్లి అనెక్షర్ డి ఇస్తుంది. ఆయనకు సెలవు దొరికి ఎంబసీ పని అయ్యేసరికే వారాలు గడుస్తాయి, కాబట్టి ఇవాళే ఫోన్ చేయించండి.

అన్నిటికంటే ఎక్కువగా దెబ్బతినేది పేరు దగ్గర. బాప్తిస్మంలో పెట్టిన పేరు ఒకటి, స్కూల్లో ఇంకొకటి, ఆధార్‌లో ఇంటిపేరు బదులు ఒక్క అక్షరం. జర్మనీ వాళ్లకు మీరు సంఘంలో పిలిచే పేరే రాసి పంపి ఉంటారు, ఆహ్వానం ఆ పేరుతోనే వస్తుంది. అందుకే పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా విప్పి, పదో తరగతి రికార్డుతో సరిపోల్చుకుని, పాస్‌పోర్టు చేతికొచ్చాక దాని ఫోటో పంపి, అందులో ఉన్నట్టే ఆహ్వానం రాయించుకోండి.

షెన్‌గెన్ వీసాకు (జర్మనీ సహా చాలా యూరప్ దేశాలకు చెల్లే వీసా) ప్రయాణానికి 6 నెలల ముందు నుంచీ దరఖాస్తు చేయొచ్చు, ఆలస్యమంటే 15 రోజుల ముందు. వేసవిలో అపాయింట్‌మెంట్లు దొరకవు, ఆఖరి గడువును నమ్ముకోకండి. 12 ఏళ్లు నిండినవారికి ఫీజు 90 యూరోలు, వేలిముద్రలూ ఇవ్వాలి. కనీసం 30,000 యూరోల వైద్య ఇన్సూరెన్స్ తప్పనిసరి. పాస్‌పోర్టు గడువు తిరుగు ప్రయాణం తర్వాత ఇంకా 3 నెలలుండాలి. ఎందుకు వెళ్తున్నారంటే శిబిరం, ప్రదర్శన అని ఉన్నదున్నట్టే చెప్పాలి. ఆ జవాబు పిల్లలకు బట్టీ పట్టించకండి, వాళ్ల రోబో గురించి వాళ్లనే మాట్లాడనివ్వండి.

నలుగురు పిల్లలతో పెద్దవాళ్లు కనీసం ఇద్దరు వెళ్లాలి, ఆడపిల్ల ఉంది కాబట్టి ఒకరు స్త్రీ. పిల్లల గదిలో పెద్దవాళ్లు పడుకోకూడదు. పిల్లలతో విడిగా వాట్సాప్ సందేశాలు వద్దు, తల్లిదండ్రులున్న గ్రూపులోనే మాట్లాడండి. ఏదైనా లైంగిక వేధింపు అనుమానం వస్తే సంఘంలో సర్ది చెప్పుకునే వ్యవహారం కాదది. పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమూ నేరమే. పిల్లల హెల్ప్‌లైన్ 1098.

ప్రశ్న: రోబోను విమానంలో తీసుకెళ్లనిస్తారా? బ్యాటరీల మాటేమిటి?
– ఇంటర్ విద్యార్థి, చిత్తూరు

జవాబు: తీసుకెళ్లొచ్చు తమ్ముడూ. సెల్స్ మాత్రం బండిలోంచి తీసి, ఒక్కోదాన్ని విడి ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి చేతిసంచిలోనే ఉంచు. విడి లిథియం సెల్స్ చెక్-ఇన్ లగేజీలో పెట్టనివ్వరు. ఒక్కో సెల్‌కి పరిమితి 100 వాట్-అవర్లు (వోల్టుల్ని ఆంపియర్-అవర్లతో గుణిస్తే వచ్చే అంకె). 2,600 ఎంఏహెచ్ సెల్ అంటే 3.7ని 2.6తో గుణిస్తే 9.6, కాబట్టి నీకు ఇబ్బంది లేదు. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్, సోల్డరింగ్ ఐరన్ చెక్-ఇన్‌లో వేసేయ్. తీగలు బయటికి వేలాడే బండిని స్కానర్ దగ్గర విప్పి చూస్తారు, అందుకని పై అరలో పెట్టు. భాగాల జాబితా, ఫోటో, ఆహ్వాన పత్రం ఇంగ్లీషులో దగ్గర ఉంచుకో.

ఖరీదైన కిట్ అయితే, విమానం ఎక్కే చెన్నైలోనే లగేజీ ఇచ్చేముందు కస్టమ్స్ వాళ్లకు చూపించి ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకో. అది లేకపోతే తిరిగొచ్చినప్పుడు అక్కడ కొన్నావేమో అని సుంకం అడిగే వీలుంది. వస్తువును కళ్లతో చూసి, సీరియల్ నంబర్లు రాసుకున్నాకే ఇస్తారు కాబట్టి ఆ పనికి ఒక గంట ఎక్కువ పెట్టుకుని బయల్దేరు.