రాత్రి ఉద్యోగం కంటే ముందు హాజరు చూసుకో

అమ్మలూ,

ఆ సంబంధం వద్దన్నావని మీ నాన్న ఫీజు ఆపేశాడట, అయినా బీటెక్ మానేది లేదన్నావట. పిన్ని చెప్పింది. కడుపు నిండింది, ఆ వెంటనే గుండెలో దడ పట్టుకుంది.

ఈ-పాస్ పోర్టల్‌లో స్కాలర్‌షిప్ రెన్యువల్ గడువు దాటనివ్వకు. ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు నీదేనా చూసుకో. ఓటీపీ మీ నాన్న ఫోనుకు పోతే పని అక్కడే ఆగుతుంది.

ప్రభుత్వం ఇచ్చే బీసీ ఫీజు రీయింబర్స్‌మెంట్ 35,000 పోను మిగతాది వాయిదాల్లో కడతానని ప్రిన్సిపాల్‌కు అర్జీ రాయి. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద అందినట్టు ఇన్‌వర్డ్ ముద్ర, తేదీ వేయించుకో. హాల్ టికెట్ ఆపిన రోజున నోటిమాట ఎవరికీ గుర్తుండదు. ఫీజు బాకీ ఉందని ఒరిజినల్ సర్టిఫికెట్లు అడిగితే ఇవ్వకు, అలా అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే చెప్పింది.

చాలకపోతే విద్యాలక్ష్మి పోర్టల్‌లో లోనుకు పెట్టు. 4 లక్షల దాకా మామూలుగా తాకట్టు అడగరు. నీతో పాటు లోనుకు సంతకం పెట్టే కో-అప్లికెంట్ మాత్రం కావాలి, నీలాంటి పిల్లలు ఆగిపోయేది అక్కడే. గార్డియనైనా పెట్టొచ్చు గానీ, కొన్ని బ్రాంచీల్లో నాన్నే రావాలంటారు. పెద్దనాన్న పాన్ కార్డు, జీతం స్లిప్పులు తీసి పెట్టాను. కాలేజీ లెటర్‌హెడ్ మీద మిగిలిన రెండేళ్ల ఫీజు వివరం, బోనఫైడ్, మార్కుల మెమోలు నువ్వు తేవాలి.

ఇక నాకు నిద్ర పట్టనివ్వనిది నువ్వు చేరతానంటున్న ఆ కాల్ సెంటర్ నైట్ షిఫ్టు. తెల్లవారుజామున నాలుగింటికి హాస్టల్ చేరినదానివి తొమ్మిదింటి క్లాసుకు లేస్తావా? మొదట ఫస్ట్ పీరియడ్ పోతుంది, ఆనక ల్యాబ్. జేఎన్‌టీయూలో హాజరు 75 శాతం ఉండాలి. 65 దాకా తగ్గితే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి, తగ్గిన హాజరును మన్నించే కండోనేషన్ ఫీజు కట్టి పరీక్ష రాయొచ్చు. అందరూ అక్కడే మోసపోతారు. కండోనేషన్‌తో పరీక్ష గట్టెక్కుతుందే తప్ప స్కాలర్‌షిప్‌కు 75 శాతమూ కావాలి. 65 కంటే తగ్గితే డిటెండ్. జూనియర్లతో కూర్చుని ఆ సెమిస్టర్ మళ్లీ చదవాలి, దానికి రీయింబర్స్‌మెంట్ రాదు, హాస్టల్ ఖర్చు అదనం. రాత్రుళ్లు మేలుకుని కూడబెట్టిందంతా అందులోకే పోతుంది, పిచ్చిదానా. సంపాదించాలనే ఉంటే సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది దాకా పదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పు. ప్రతి శనివారం నీ హాజరు శాతం నాకు వాట్సాప్ చెయ్యి.

ఫోన్‌లో అప్పిచ్చే యాప్‌ల జోలికి పోయావో, చెవులు మెలేస్తాను.

ఈ నెల మెస్ బిల్లు పెద్దనాన్న కడతారు. సోమవారం పదింటికి ఆయన బ్యాంకు దగ్గర ఉంటారు, టిఫిన్ తినేసి వెళ్లు.

మీ పెద్దమ్మ