బాధపడేవాళ్లని బైబిల్లో దేవుడు నిజంగా పట్టించుకున్నాడా?

అమ్మ మంచం పట్టింది, చూడ్డానికి వచ్చినవాళ్లంతా తలా ఒక వాక్యం చెప్పి వెళ్తున్నారు, వింటుంటే ఒళ్లు మండుతోంది, అసలు బైబిల్లో దేవుడు మనిషి కష్టానికి కరిగిన చోటు ఉందా అని అడిగారు. ఉంది. కానీ "నాకే ఎందుకు" అన్నదానికి జవాబు మాత్రం అందులో వెతకొద్దు. పిల్లల్నీ, ఆస్తినీ, ఆరోగ్యాన్నీ పోగొట్టుకున్న యోబుకే దొరకలేదు. యోబు గ్రంథం 38వ అధ్యాయంలో దేవుడు సుడిగాలిలోంచి మాట్లాడటం మొదలుపెట్టి నక్షత్రాల గురించీ, అడవి గాడిదల గురించీ చెప్తాడు. నీ పిల్లలు ఎందుకు పోయారో చెప్తాను విను అని ఒక్క మాట అనడు.

బైబిల్లో దేవుడి జాలి కనిపించేది ఎక్కువగా పనుల్లోనే. హాగరుని చూడండి. ఐగుప్తు నుంచి వచ్చిన దాసి. అబ్రాహాము రొట్టె, నీళ్ల తిత్తి చేతికిచ్చి కొడుకుతో సహా పంపించేశాడు. బెయేర్షెబా అరణ్యంలో నీళ్లైపోయాయి. పిల్లాణ్ని ఒక పొద కింద వదిలేసి, చావు కళ్లారా చూడలేక వింటివేత దూరం వెళ్లి కూర్చుని ఏడ్చింది. దేవుడు ఆ పిల్లాడి గొంతు విన్నాడు, ఆమెకి నీళ్ల బావి చూపించాడు. పెద్ద విశ్వాసి, భక్తుడు అనుకున్న మనిషి ఇంట్లోంచి గెంటేస్తే ఆమెని పట్టించుకున్నది దేవుడే. ఈ సంగతి మన ప్రసంగాల్లో ఎందుకో పెద్దగా వినపడదు.

ఏలీయా ప్రవక్త అయితే ఏకంగా చచ్చిపోతానన్నాడు (1 రాజులు 19). బదరీవృక్షం కింద పడుకుంటే దూత తట్టి లేపాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, బుడ్డితో నీళ్లు. తిని తాగి మళ్లీ పడుకున్నాడు, పడుకోనిచ్చారు. రెండోసారి లేపినా భోజనం చెయ్యమనే లేపాడు. ప్రవక్తవై ఉండి ఇవేం మాటలని ఎవరూ దులపలేదు.

ఇవన్నీ మా తమ్ముడి మూలంగా మళ్లీ చదివాను. కిడ్నీలు రెండూ పాడై డయాలసిస్ మీద ఉండేవాడు. ఆ జబ్బులో నీళ్లు కొలిచి తాగాలి. పల్నాడు ఎండల్లో అది ఎంత నరకమో చూసినవాళ్లకే తెలుసు. స్టీలు గ్లాసు మీద మార్కర్‌తో గీత గీసి పెట్టుకునేవాడు, గొంతు మరీ ఆరిపోతే ఐసు ముక్క బుగ్గన పెట్టుకునేవాడు. సంఘపెద్ద ఒకాయన పరామర్శకి వచ్చి, "ఒప్పుకోని పాపం ఏమన్నా మిగిలిందేమో చూసుకో బాబూ" అన్నాడు. అమ్మ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. వాడు మాత్రం యోహాను 9 తీసి ఆయన చేతికిచ్చాడు. పుట్టుగుడ్డిని చూసి శిష్యులు అడిగిందీ అదే, పాపం ఎవరిదని. వీడిదీ కాదు, వీణ్ని కన్నవాళ్లదీ కాదు అన్నాడు యేసు. ఆ పెద్దాయన కాఫీ తాగకుండానే వెళ్లాడు!

డిసెంబరు 31 రాత్రి చర్చిలో కొత్త సంవత్సరానికని తీసే వాగ్దానం కార్డులు (ఒక్కోదాని మీద ఒక బైబిల్ వాక్యం ఉంటుంది) వాడికి నచ్చేవి కావు. 88వ కీర్తన చదవమనేవాడు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అనేదే దాని ఆఖరి మాట, ఆ తర్వాత ఓదార్పు ఏమీ లేదు. "ఇది రాసినోడు నటించలేదక్కా" అనేవాడు. సిలువ మీద యేసు "దప్పిగొనుచున్నాను" అన్న చోటు వస్తే కళ్లు మూసుకుని వినేవాడు. దేవుడికి నీళ్లు దొరక్కపోవడం ఏంటని నాకు చిన్నప్పటి నుంచీ అనిపించేది. వాడికది వింతగా అనిపించలేదు, ఈయనకి దాహమంటే తెలుసు అనేవాడు.

తమ్ముడు బతకలేదు. పోయినవాళ్ల కుటుంబాన్ని ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూడికలో లూకా 7 చదివారు, నాయీనులో విధవరాలి ఒక్కగానొక్క కొడుకు సంగతి. ఆమె ఏమీ అడగలేదు, విశ్వాసముందా అని యేసూ అడగలేదు. చూసి, కనికరపడి, పాడె ముట్టుకున్నాడు. అమ్మ అందరి ముందే అడిగేసింది: "ఆమె కొడుకుని లేపాడుగా, నా కొడుకుని లేపలేదేం?" ఎవరూ నోరెత్తలేదు. పాస్టరమ్మ వచ్చి పక్కన కూర్చుని అమ్మతో పాటు ఏడ్చింది.

అమ్మ అడిగినట్టే బేతనియలో చనిపోయిన లాజరు తోబుట్టువులు మార్త, మరియ ఇద్దరూ యేసుని అడిగారు: నువ్విక్కడ ఉంటే మా సహోదరుడు చనిపోయేవాడు కాదు. యేసు వాళ్లని మందలించలేదు. కాసేపట్లో లాజరుని లేపబోతున్నానని తెలిసి కూడా ఏడ్చాడు. నాకు ఆ కన్నీళ్లే పట్టుకొమ్మ. అద్భుతం మా ఇంట్లో జరగలేదు కాబట్టి దాని గురించి నేనేం చెప్పను.

కాబట్టి మీకు కోపం వస్తే రానివ్వండి, కీర్తనల్లో ఉన్న అరుపుల ముందు మీదేమంత పెద్దది కాదు. మీ అమ్మకి చదివి వినిపించాలంటే లూకా 7, యోహాను 11, విలాపవాక్యాలు 3 చాలు, అదీ తను అడిగితేనే. యోబు గ్రంథం ఇప్పుడే మొదలుపెట్టకండి. నాలుగో అధ్యాయం నుంచి, నీ పాపమే కారణమని యోబుని తప్పుపట్టే స్నేహితుల ఉపన్యాసాలు మొదలవుతాయి, అలాంటివాళ్లు మీ ఇంటికి రోజూ వస్తూనే ఉన్నారన్నారు కదా.