డౌన్ క్విల్ట్ ఉతకడానికి తొందరపడకు అల్లుడా

అల్లుడా,

నీ డౌన్ క్విల్ట్, అదే ట్రెక్కుల్లో కప్పుకునే బాతు నూగు దుప్పటి, ఫోటోలు పంపావు కదా, చూశాను. తల వైపు అంచు నల్లబడింది, మధ్యలో నూగు నింపి కుట్టిన గళ్లు రెండు మూడు పలచబడ్డట్టు ఉన్నాయి, లోపలి నూగంతా ఒక మూలకు చేరినట్టు కనిపిస్తోంది. ఉతికితే బాగవుతుందా అని అడిగావు. బాగవుతుంది, ఇంట్లోనే ఉతుక్కోవచ్చు, అంత టెన్షన్ పడాల్సిన పని కాదు. కానీ ఒక్క మాట ముందే చెబుతున్నాను. ఉతకడం ఒక పూట పని, ఆరబెట్టడం మూడు రోజుల పని. చేతిలో మూడు రోజులు లేకపోతే దాన్ని నీళ్లలో పెట్టనే పెట్టకు. సగం తడి మీద మడిచి అల్మారాలో పెట్టిన క్విల్ట్ లోపల ముక్కి కంపు కొడుతుంది, ఆ తర్వాత దాన్ని బాగుచేయడం చాలా కష్టం.

మన ఇళ్లల్లో పరుపులు, రజాయిలు, దిండ్లు అన్నీ దూదివే. చుట్టూ పత్తి పండే నేల కాబట్టి మన పెద్దవాళ్లకు తెలిసిన పద్ధతులు కూడా దూదికి పనికొచ్చేవే. ఎర్రటి ఎండలో మిద్దె మీద పడెయ్యడం, కర్రతో దులపడం, గట్టిగా ఉండ కడితే మళ్లీ ఏకించడం. మా చెల్లె, అదే మీ అమ్మ, నీకు అదే చెబుతుంది, రజాయి విషయంలో ఆమె చెప్పేది నూటికి నూరుపాళ్లు నిజం. నీ క్విల్ట్ లో ఉన్నది మాత్రం బాతు రొమ్ము మీద ఈకల అడుగున పెరిగే నూగు. ఈకకు ఉన్నట్టు దీనికి గట్టి కాడ ఉండదు, నడిమి నుంచి సన్నటి పోగులు అన్ని వైపులా విచ్చుకుని ఉంటాయి, ఆ పోగుల మధ్య గాలి కదలకుండా నిలబడుతుంది. నిన్ను వెచ్చగా ఉంచేది ఆ గాలే. క్విల్ట్ మీద 800 ఫిల్ పవర్ అని రాసి ఉంది కదా, అంటే 28 గ్రాముల నూగును గొట్టంలో పోసి పైన తేలికపాటి బరువు పెట్టి కొలిస్తే అది 800 ఘనపు అంగుళాలు, మన లెక్కలో దాదాపు 13 లీటర్ల జాగా నింపుతుందన్నమాట. చెమట, తలనూనె, ఒంటి జిడ్డు లోపలికి దిగితే పోగులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, గాలికి చోటుండదు, అదే క్విల్ట్ కప్పుకున్నా మొన్నటి ట్రెక్కులో నీకు చలేసింది అందుకే.

ఎప్పుడు ఉతకాలి అంటే, ప్రతి ట్రెక్కు తర్వాత మాత్రం వద్దు. ఏడాదికి ఒకటి రెండు సార్లు కొండలెక్కే నీలాంటి వాడికి ఒకట్రెండేళ్లకు ఒకసారి ఉతికితే చాలు. మధ్యలో అంచు ఒక్కటే మురికైతే అంచు ఒక్కటే కడుగు. పై గుడ్డను రెండు వేళ్లతో పట్టి లోపలి నూగు నుంచి పక్కకు లాగి, ఆ గుడ్డకు మాత్రం కొంచెం సబ్బునీళ్లు పెట్టి మెత్తటి పాత టూత్ బ్రష్‌తో రుద్ది, తడిగుడ్డతో రెండు మూడుసార్లు తుడిచెయ్యి. పది నిమిషాల పని. అసలు నీ అంచు అంత నల్లబడటానికి కొబ్బరినూనె కారణం, నాకు తెలుసు. తలకు నూనె పెట్టుకుని పడుకునే అలవాటుంటే టెంటులో మంకీ క్యాప్ పెట్టుకో, లోపల పల్చటి కాటన్ లైనరో సిల్కు లైనరో వేసుకో. క్విల్ట్‌కు స్లీపింగ్ బ్యాగులా తలకప్పు ఉండదు, గడ్డం దగ్గరికి లాక్కుంటావు కాబట్టి ముఖం జిడ్డంతా అక్కడే అంటుతుంది.

ఇప్పుడు మాత్రం మొత్తం ఉతకాల్సిందే, ఆ గళ్లు చూస్తే తెలుస్తోంది. రోజు చూసుకుని మొదలుపెట్టు. మన దగ్గర వానాకాలం నాలుగు నెలలు ఆ ఆలోచనే పెట్టుకోకు, గాల్లోనే తడి ఉంటే నూగు ఎలా ఆరుతుంది? దసరా దాటి ముసురు పోయాక సంక్రాంతి దాకా మంచి కాలం, గాలి పొడిగా ఉంటుంది. ఫిబ్రవరి, మార్చి కూడా బాగుంటాయి, కాకపోతే మార్చి నుంచి సాయంత్రం పూట ఉన్నట్టుండి గాలిదుమారం లేచి రాళ్లవాన పడుతుంది, మిర్చి కల్లాల్లో పోసిన రైతుల గోస ఏటా చూస్తూనే ఉన్నాం కదా, కాబట్టి ఆ నెలల్లో ఆరుబయట పెట్టి ఎటైనా పోవద్దు. ఎండాకాలంలో వడగాలికి నీడలో భలే ఆరుతుంది. నీడలో అన్నాను, గుర్తుంచుకో. పై గుడ్డ పల్చటి నైలాన్, రోజుల తరబడి నేరుగా ఎండ తగిలితే దాని పటుత్వం పోతుంది.

సబ్బు దగ్గర పొదుపు చేయకు. మామూలు బట్టల పొడి వద్దు, అందులో చాలావాటిలో మాంసకృత్తుల మరకలు కరిగించే ఎంజైములు ఉంటాయి, నూగు కూడా మన వెంట్రుకలాగా మాంసకృత్తే, పైగా దానికి సహజంగా ఉండే కాస్త నూనె పోతే పెళుసుబారుతుంది. బట్టలు మెత్తబడటానికి పోసే కండిషనర్ వద్దు, బ్లీచింగ్ అసలే వద్దు, డ్రై క్లీనింగ్‌కు కూడా ఇవ్వకు. నిక్‌వాక్స్, గ్రేంజర్స్ లాంటి కంపెనీలు డౌన్ కోసమే చేసే లిక్విడ్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, బాటిల్ మీద ఎంత రాస్తే అంతే పొయ్యి, ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రం కాదు, జాడించడమే ఎక్కువవుతుంది. కుంకుడుకాయ రసం పోస్తే ఏమవుతుంది అని అమ్మమ్మ అడుగుతుంది చూడు. పట్టుచీరకు అది మంచిదే, కానీ దీంట్లో పిప్పి, రంగు లోపలికి పోతే బయటికి తీయలేం, అందుకని నేనైతే వాడను.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మీ బోరు నీళ్లు ఎంత ఉప్పో బకెట్ అంచు మీది తెల్లటి పొర చూస్తే తెలుస్తుంది. ఆ నీళ్లలో సబ్బు సరిగ్గా పోదు, పోగుల మీద పొరలాగా మిగిలిపోతుంది. నల్లా వచ్చే రోజు డ్రమ్ములు నింపి పెట్టుకుని ఆ నీళ్లే వాడు. ఎండాకాలమైతే పొద్దున్నే పట్టుకో, మధ్యాహ్నానికి మిద్దె మీది ట్యాంకు నీళ్లు చెయ్యి కాలేంత వేడెక్కుతాయి. గోరువెచ్చగా, 30 డిగ్రీల దగ్గర ఉంటే చాలు.

ఉతికే ముందు క్విల్ట్ అంతా వెలుతురులో పట్టి చూడు, ఎక్కడైనా చిల్లు ఉంటే ముందు అది అతికించు, లేకపోతే నూగంతా టబ్బులో తేలుతుంది. చాప కింద కట్టుకునే పట్టీలు విప్పేసెయ్యి, కాళ్ల దగ్గరి జిప్పు వేసెయ్యి, అంచు బిగించే లాడె ముడి వదులు చెయ్యి. ఇంకో పని, ఇది తప్పకుండా చెయ్యి: పొడిగా ఉన్నప్పుడే వంటింటి కాటా మీద తూచి ఎన్ని గ్రాములుందో రాసిపెట్టుకో. ఎందుకో తర్వాత చెబుతాను.

మీ ఇంట్లో ఉన్నది పైనుంచి బట్టలు వేసే మిషన్, దాంట్లో వద్దు, తిప్పుడుకు గళ్ల కుట్లు తెగుతాయి. ముందు తలుపు మిషన్ పెద్దది ఎవరి దగ్గరైనా ఉంటే జెంటిల్ సైకిల్ పెట్టి, రెండోసారి మూడోసారి ఉత్త నీళ్లతో తిప్పుకోవచ్చు. నాకు మాత్రం చేత్తో ఉతికితేనే నమ్మకం. దుప్పట్లు నానేసే పెద్ద ప్లాస్టిక్ టబ్బు తీసుకో. క్విల్ట్‌ను విప్పి నీళ్లలో వేస్తే గాలి నిండి పైకి తేలుతూనే ఉంటుంది, ఎంత నొక్కినా మునగదు. అందుకని దాన్ని దాని చిన్న సంచిలో కుక్కి, సంచితో సహా సబ్బునీళ్లలో ముంచి, నీళ్ల లోపలే మెల్లగా బయటికి లాగు. అప్పుడు వచ్చింది వచ్చినట్టు నీళ్లు తాగుతుంది. అరగంట నాననిచ్చి అరచేతులతో ఒక పక్క నుంచి ఇంకో పక్కకు నొక్కుతూ పో, అంతే. బండకు కొట్టడం, పిండడం, మెలితిప్పడం ఏవీ లేవు. మొదటి నీళ్లు టీ రంగులో వస్తే కంగారు పడకు, అదంతా నీ చెమటే. తడి బాతు వాసన కూడా వస్తుంది, ఆరాక పోతుంది.

నురగ రావడం ఆగేదాకా నీళ్లు మార్చు. నాలుగుసార్లు పట్టొచ్చు, ఐదుసార్లు పట్టొచ్చు, ఇక్కడ బద్ధకించకు, మిగిలిన సబ్బు కూడా జిడ్డు చేసే పనే చేస్తుంది.

ఇక నీళ్లలోంచి తీయడం. తడిసిన క్విల్ట్ కిలోల కొద్దీ నీళ్లు మోస్తుంది, ఆ బరువంతా లోపల గడికీ గడికీ మధ్య ఉండే సన్నటి జాలీ గోడల మీద పడుతుంది. ఒక కొస పట్టుకుని పైకి లేపావంటే లోపల గోడలు పరపరా చినుగుతాయి, బయటికి ఏమీ కనిపించదు, తర్వాత నూగు ఒక గడి నుంచి ఇంకో గడికి జారిపోతుంటే అప్పుడు తెలుస్తుంది. కాబట్టి ముందు టబ్బులో నీళ్లన్నీ వంపెయ్యి, క్విల్ట్‌ను టబ్బు గోడకేసి నొక్కి నొక్కి వీలైనంత నీరు కార్చు, ఆ తర్వాత రెండు చేతులూ అడుగుకు పోనిచ్చి మొత్తం ఒకేసారి ఎత్తు. ఇద్దరుంటే కింద పాత చీర దూర్చి చీరతో ఎత్తండి, అది ఇంకా నయం. రెండు మూడు తువ్వాళ్ల మధ్య పరిచి మీద చేతులతో ఒత్తితే ఇంకొంత నీరు పోతుంది.

దండెం మీద మాత్రం వెయ్యకు. మీ ఇంట్లో అమ్మమ్మ నులక మంచం ఇంకా ఉంది కదా, ఈ పనికి అంతకన్నా మంచి సామాను దొరకదు, కింది నుంచి కూడా గాలి ఆడుతుంది. వరండాలో నీడకు వేసి, మీద పల్చటి కాటన్ చీర పరిచి, దాని మీద క్విల్ట్ పరుచు, ఫ్యాన్ పెట్టు. మొదటి రోజు చూస్తే నీ గుండె జారుతుంది, అంత లావు క్విల్ట్ రెండు పొరల తడిగుడ్డలా పడి ఉంటుంది, లోపల ఏమీ లేనట్టే ఉంటుంది. కంగారు పడి ఫోన్ చేయకు, అందరిదీ అలాగే ఉంటుంది. గంటా రెండు గంటలకోసారి తిరగెయ్యి.

రెండో రోజు నుంచి అసలు పని. పై గుడ్డ ఆరిపోతుంది, లోపల నూగు మాత్రం చింతపండు ఉండల్లా చేతికి తగులుతూ ఉంటుంది. ఒక్కో గడిని కిటికీ వెలుతురుకు అడ్డంగా పట్టుకో, ఉండలున్న చోట నల్లటి మచ్చలుగా కనిపిస్తాయి. ఆ ఉండను గుడ్డ పైనుంచే రెండు చేతుల బొటనవేళ్లతో పట్టి మెల్లగా విడదియ్యి, చిన్న ముక్కలవుతుంది, ఇంకో రెండు గంటలకు మళ్లీ చెయ్యి, ఇంకా చిన్నవవుతాయి. బలవంతంగా లాగకు, పోగులు తెగుతాయి. టీవీ ముందు కూర్చుని చేసుకోవచ్చు, మీ చెల్లెలు కూడా సాయం పడుతుంది, కానీ ఒక్క గడి కూడా వదలకుండా వరసగా చెయ్యాలి. డ్రయ్యర్ ఉన్నవాళ్లు తక్కువ వేడి మీద రెండు మూడు శుభ్రమైన టెన్నిస్ బంతులు వేసి కొన్ని గంటలు తిప్పుతారు, ఆ బంతులు చేసేది కూడా ఈ పనే. హన్మకొండలో ఏదైనా లాండ్రీలో పెద్ద డ్రయ్యర్ ఉంటే అడుగు, కానీ పక్కనే నిలబడి తక్కువ వేడి పెట్టించు, ఎక్కువైతే నైలాన్ కరుగుతుంది.

ఆరిందో లేదో చేత్తో తెలియదు. చెంపకు ఆనించి చూడు, ఎక్కడైనా చల్లగా తగిలితే అక్కడ తడి ఉన్నట్టే. ఆ తర్వాత కాటా మీద పెట్టు. ఉతకక ముందు రాసుకున్న బరువు కన్నా 50 గ్రాములు ఎక్కువుంటే లోపల 50 గ్రాముల నీళ్లు దాక్కున్నాయి, అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మురికి పోయింది కాబట్టి పాత బరువు కన్నా కాస్త తగ్గినా తగ్గుతుంది. బరువు సరిపోయాక కూడా ఇంకో రోజు అలాగే ఉంచు. అప్పుడు మీద నాలుగు నీటి చుక్కలు చల్లి చూడు, గుండ్రంగా నిలబడి జారిపోతే సరే, గుడ్డలోకి ఇంకితే నీళ్లు అంటకుండా చేసే స్ప్రే దొరుకుతుంది, అది కొట్టుకో.

దాచే పద్ధతి నువ్వు మార్చుకోవాలి. చిన్న సంచిలో కుక్కి ఆరు నెలలు అలమర మీద పెట్టావు, అక్కడే సగం పాడైంది. పాత కాటన్ చీరతో దిండు గలీబులా పెద్ద సంచి కుట్టించుకుని వదులుగా వెయ్యి. ప్లాస్టిక్ కవర్ వద్దు, లోపల తడి ఊరుతుంది. కలరా ఉండలు కూడా వద్దు, ఆ వాసన టెంటులో నిన్ను నిద్రపోనివ్వదు. వానాకాలంలో తెరపిచ్చిన రోజు తీసి ఫ్యాన్ కింద వేస్తూ ఉండు. ప్రయాణంలో కూడా అంతే, కాజీపేటలో రైలెక్కింది మొదలు ఉత్తరాఖండ్‌లో ట్రెక్కు మొదలయ్యే సాంక్రి ఊరు చేరేదాకా దాన్ని కుక్కి ఉంచాల్సిన అవసరం లేదు, చేతి సంచిలో వదులుగా పెట్టుకో, నడక మొదలయ్యే పొద్దున కుక్కు. కుక్కేటప్పుడు లోపల వాటర్‌ప్రూఫ్ కవరు వేసుకో. కొండ మీద పొద్దున్నే టెంటు లోపల మంచు పట్టి క్విల్ట్ చెమ్మగిల్లుతుంది, ఎండ రాగానే అరగంట టెంటు మీద పరిచి ఆ తర్వాతే మడిచెయ్యి, ఆ కాసేపటి ఎండకు ఏమీ కాదు.

కుట్ల సందుల్లోంచి ఈక మొన బయటికి వస్తే లాగెయ్యకు, వెనక వైపు నుంచి పట్టి లోపలికే లాక్కో, చిల్లు దానంతటదే మూసుకుంటుంది.

నా దగ్గర డౌన్ వాష్ బాటిల్ ఒకటి సగానికి పైనే ఉంది, కొత్తది కొనకు. ఆదివారం అమ్మను తీసుకుని ఇటు వచ్చినప్పుడు ఇస్తాను, క్విల్ట్ కూడా వెంట తెచ్చుకో, చిల్లులేమైనా ఉంటే ఇద్దరం కూర్చుని అతికిద్దాం.

మీ మామ